స్టోరేజ్ బాక్స్ నుంచి పెర్ఫార్మెన్స్ డేటా స్క్రిప్ట్‌తో ఎలా తీయాలి? బరంపురం నుంచి నా జవాబు

రాయగడ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఫ్యాక్టరీలో ఐబీఎం స్టోర్‌వైజ్ వీ5000 (సర్వర్ల డేటా దాచే స్టోరేజ్ బాక్స్) ఉంది, రెండు కంట్రోలర్లు (బాక్స్‌ని నడిపే లోపలి కంప్యూటర్లు), ఒక 40 వాల్యూములు (సర్వర్లకి డిస్కుల్లా కనిపించే భాగాలు). మేనేజర్ గారు ప్రతి నెలా పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ ఎక్సెల్‌లో కావాలంటున్నారు, బాక్స్ వెబ్ స్క్రీన్‌లో చూస్తే 5 నిమిషాల గ్రాఫే ఉంటంది తప్ప నిన్నటిది కూడా లేదు, అందుకని రోజుకి మూడుసార్లు స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటున్నాను, దీనికి స్క్రిప్ట్ ఏదైనా ఉందా అని. నేను ఇదే ఫ్యామిలీ బాక్సుల మీద బరంపురంలో, పర్లాకిమిడి వైపు చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నా కాబట్టి కాస్త వివరంగానే రాస్తా.

ముందు సూటిగా జవాబు. గ్రాఫ్‌ని వదిలేయండి. బాక్స్ లోపల ప్రతి కంట్రోలర్ తన లెక్కలన్నీ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళుగా (ట్యాగులతో రాసిన టెక్స్ట్ ఫైళ్ళు) రాసుకుంటాది, అవి డంప్స్ కింద ఐఓస్టాట్స్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. బయట ఒక లినక్స్ మెషీన్ పెట్టి, క్రాన్‌తో (టైమ్ ప్రకారం పనులు నడిపే లినక్స్ ఏర్పాటు) ప్రతి 15 నిమిషాలకీ ఎస్‌సీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు కాపీ చేసే కమాండ్) కొట్టి ఆ ఫైళ్ళు తెచ్చుకోండి. తర్వాత పైతాన్‌లో చదివి ఒక ఫైల్‌కీ ముందు ఫైల్‌కీ తేడా తీసి సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైల్) రాయండి. సీఎస్‌వీని ఎక్సెల్ నేరుగా తెరుస్తాది. కమాండ్ల పేర్లు తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి.

తొందరెందుకంటే, ఈ ఫైళ్ళు ఎక్కువసేపు ఉండవు. ఒక్కో రకం ఫైల్ ఒక్కో నోడ్‌లో (కంట్రోలర్‌నే నోడ్ అంటారు) 16 మాత్రమే ఉంటాయి, 17వది వచ్చిందంటే మొదటిది పోయినట్టే. ఈ లెక్కల్ని మొదలుపెట్టే స్టార్ట్‌స్టాట్స్ కమాండ్‌లో ఇంటర్వల్ (ఎంతసేపటికో ఫైల్ రాయాలన్నది) 1 నిమిషం నుంచి 60 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు. 15 నిమిషాలు పెడితే 16 ఫైళ్ళంటే 4 గంటలు. 5 పెడితే 80 నిమిషాలు. 1 నిమిషం పెడితే 16 నిమిషాల్లో అంతా తుడిచిపెట్టుకుపోతాది. మన వైపు ఇది ఇంకా ముఖ్యం తమ్ముడూ, ఎందుకంటే బాక్స్‌కి ఏదైనా అయితే ఇంజనీర్ విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో రావాలి, రాయగడ చేరేసరికి మర్నాడు అవుతాది, ఆయన వచ్చి కూర్చుని "నిన్న రాత్రి పదకొండుకి ఏమైంది" అని అడిగేటప్పటికి బాక్స్‌లో ఆ రాత్రి గుర్తే ఉండదు. డేటా మీ చేతిలో ఉంటేనే ఆయన పని ముందుకి సాగుతాది, లేపోతే మళ్ళీ అదే జరిగేదాకా ఎదురుచూడటమే.

ఇంటర్వల్ ఎంత పెట్టాలి అంటే నా లెక్క 5 నిమిషాలు. కానీ ఇక్కడొక మెలిక ఉంది. బాక్స్ యూపీఎస్ మీద ఉంటాది, మీరు ఫైళ్ళు తెచ్చుకునే మెషీన్ మాత్రం ఆఫీస్ లైన్ మీద మామూలు పీసీ అనుకోండి. కరెంటు రెండు గంటలు పోయిందంటే బాక్స్ నడుస్తూనే ఉంటాది, పాత ఫైళ్ళని తుడుస్తూనే ఉంటాది, మీ పీసీ మాత్రం ఆగిపోయి ఉంటాది. 80 నిమిషాలు దాటిన ప్రతి కోతకీ డేటాలో ఒక కన్నం పడుతుంది. ఆ పీసీని కూడా యూపీఎస్ మీద పెట్టగలిగితే 5 నిమిషాలు పెట్టండి, అది కుదరనప్పుడు 15 పెట్టండి, 4 గంటల ఊపిరి దొరుకుతాది.

ఇక ఫైళ్ళ సంగతి. పేరు చూస్తేనే ఏ రకమో తెలిసిపోతాది. ఎన్‌వీ అని మొదలయ్యేవి వాల్యూములవి, ఎన్ఎం అంటే ఎండిస్కులవి (డ్రైవుల్ని కలిపి చేసిన గుంపులు), ఎన్ఎన్ అంటే నోడ్‌వి, ఎన్‌డీ అంటే డ్రైవులవి. తర్వాత నోడ్ ప్యానెల్ పేరు (ఆ నోడ్‌ని గుర్తుపట్టే పేరు), తేదీ, టైమ్. మీ రిపోర్ట్‌కి ఎన్‌వీ చాలు, కానీ నాలుగు రకాలూ తెచ్చి దాచండి, ఎందుకంటే వాల్యూమ్ స్లో అని తెలిశాక వెంటనే వచ్చే ప్రశ్న కింద డ్రైవ్ ఎలా ఉంది అని, అప్పుడు ఆ ఫైల్ లేకపోతే ఏం చెప్తాం. జిప్ చేస్తే బాగా నలుగుతాయి, ఏడాదివి ఉంచుకున్నా పెద్ద జాగా తినవు. తెచ్చిన అసలు ఫైల్‌ని ఎప్పుడూ పారేయొద్దు, మీ పైతాన్‌లో తప్పు దొరికితే పాత నెలలన్నీ మళ్ళీ లెక్క కట్టుకోవచ్చు. అందుకే పార్సింగ్ రాయడం రాకపోయినా సరే, ఎస్‌సీపీ క్రాన్ మాత్రం ఇవ్వాళే పెట్టేయండి.

ఇప్పుడు చాలామంది పడే గొయ్యి చెప్తా, నేనూ పడ్డా. మీరు క్లస్టర్ ఐపీకి (రెండు నోడ్లకీ కలిపి ఉండే బాక్స్ అడ్రస్) ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు కొట్టే లాగిన్) కొడితే కాన్ఫిగ్ నోడ్ (ఆ అడ్రస్‌కి అప్పుడు జవాబిచ్చే నోడ్) మీదకి వెళ్తారు. ఆ ఫోల్డర్‌లో ఉండేది ఆ నోడ్ ఫైళ్ళే. రెండో నోడ్ ఫైళ్ళు కావాలంటే ముందు సీపీడంప్స్ అనే కమాండ్‌తో దాని ఐఓస్టాట్స్‌ని కాన్ఫిగ్ నోడ్ మీదకి కాపీ చేయించి, అప్పుడు ఎస్‌సీపీ తీయాలి. నేను మొదట రాసిన స్క్రిప్ట్‌లో "నోడ్ 2 నుంచి కాపీ చెయ్యి" అని నేరుగా రాసీసాను. ఆర్నెల్లు బ్రహ్మాండంగా నడిచింది. ఒకరోజు రాత్రి కరెంటు ఎగుడుదిగుడై నోడ్ 1 రీస్టార్ట్ అయ్యింది, కాన్ఫిగ్ పని నోడ్ 2కి మారిపోయింది. బాక్స్ చేసింది కరెక్టే, అది చెయ్యాల్సిన పనే. నా స్క్రిప్ట్ మాత్రం నోడ్ 2 నుంచి నోడ్ 2కే కాపీ చేసుకుంటూ కూర్చుంది, నోడ్ 1 ఫైల్ ఒక్కటీ రాలేదు, ఎర్రర్ కూడా ఎవరికీ వెళ్ళలేదు. ఆ నెల రిపోర్ట్‌లో ఐఓలు (రీడ్లు, రైట్లు) ఇంచుమించు సగానికి పడిపోయాయి. మీటింగ్‌లో "లోడ్ తగ్గింది, కొత్త డ్రైవులు ఇప్పుడప్పుడే అక్కర్లేదు" అని పెద్దాయన సంతోషపడ్డారు. నాకేమో అకౌంట్స్ వాళ్ళు రోజూ ఫోన్ చేసి సిస్టమ్ స్లో అంటున్నారు. లోడ్ సగం అయ్యాక స్లో ఎందుకవుతాది అని ఆ రాత్రి ఫోల్డర్ తెరిచి ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్తే, మూడు వారాలుగా అన్నీ ఒకే ప్యానెల్ పేరుతో ఉన్నాయి. రెండోది లేదు. మర్నాడు వెళ్ళి రిపోర్ట్ తప్పని చెప్పాల్సి వచ్చింది, కొత్త డ్రైవులు కొనే కాగితాల ఫైల్ మళ్ళీ కదపడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

కాబట్టి ప్రతిసారీ ముందు నోడ్ల లిస్ట్ అడగండి, మీ ఫ్యామిలీలో ఆ కమాండ్ ఎల్ఎస్‌నోడ్‌క్యానిస్టర్. అందులో కాన్ఫిగ్ నోడ్ అనే కాలమ్‌లో యెస్ (అవును) అని ఎవరికుందో చూసి, మిగతా వాటి నుంచి సీపీడంప్స్ చెయ్యండి. ఆఖర్లో రెండు ప్యానెల్ పేర్లతోనూ కొత్త ఫైల్ వచ్చిందా అని లెక్క చూసి, రాకపోతే మెయిల్ పంపించేటట్టు రాయండి. స్క్రిప్ట్ నడిచిందా లేదా అన్నది కాదు, ఫైల్ వచ్చిందా లేదా అన్నది చూడాలి.

పార్సింగ్‌కి వద్దాం. ఎక్స్‌ఎంఎల్ తెరిస్తే ఒక్కో వాల్యూమ్‌కీ ఒక్కో లైన్, వీడీఎస్‌కే అనే ట్యాగ్. పైతాన్‌లో ఎక్స్‌ఎంఎల్ చదివే ఎలిమెంట్‌ట్రీతో ఆ ట్యాగ్ పేరు పెట్టి వెతికితే మొదటిసారి ఏమీ దొరకదు, ఫైల్ ఖాళీ అనుకుంటారు. ఖాళీ కాదు, పైన నేమ్‌స్పేస్ (ట్యాగులకి ఇంటిపేరు లాంటిది) డిక్లేర్ చేసి ఉంది, ట్యాగ్ ముందు ఆ నేమ్‌స్పేస్ కలిపి వెతకాలి. నేను దీని మీద ఒక పూట పోగొట్టుకున్నా, మీరు పోగొట్టుకోకండి.

లోపల ఆర్ఓ అంటే రీడ్ల సంఖ్య, డబ్ల్యూఓ అంటే రైట్ల సంఖ్య, ఆర్‌బీ డబ్ల్యూబీ అంటే చదివిన రాసిన బ్లాకులు, ఆర్ఎల్ డబ్ల్యూఎల్ అంటే రీడ్లకీ రైట్లకీ పట్టిన మొత్తం టైమ్, మిల్లీసెకండ్లలో. బ్లాక్ అంటే 512 బైట్లు, ఇది ఫైల్ హెడర్‌లోనే రాసి ఉంటాది. ఇవన్నీ నోడ్ లేచినప్పటి నుంచి కూడుకుంటూ వచ్చే అంకెలు, మన ఇంటి కరెంటు మీటర్ లాగ. మీటర్‌లో ఉన్న అంకె బిల్లు కాదు కదా, పోయిన నెల రీడింగ్ తీసేస్తేనే బిల్లు. ఇక్కడా అంతే.

ఒక లెక్క చూపిస్తా. 10:00 ఫైల్‌లో ఒక వాల్యూమ్ ఆర్ఓ 81,25,300 ఉంది, 10:05 ఫైల్‌లో 82,15,300 ఉంది. తేడా 90,000. 300 సెకండ్లతో భాగిస్తే సెకనుకి 300 రీడ్లు. ఆర్ఎల్ తేడా 1,35,000 అనుకోండి, దాన్ని 90,000తో భాగిస్తే ఒక్కో రీడ్‌కి 1.5 మిల్లీసెకండ్లు. ఆర్‌బీ తేడా 14,40,000 అనుకోండి, 90,000తో భాగిస్తే రీడ్‌కి 16 బ్లాకులు, అంటే 8 కేబీ. 8 కేబీ కనిపించిందంటే అది డేటాబేస్ వాల్యూమ్ అయ్యే అవకాశం ఎక్కువ, ఆరకిల్‌లో మామూలుగా ఉండే బ్లాక్ సైజ్ అదే. రాత్రిపూట అదే వాల్యూమ్‌లో ఈ సైజ్ 256 కేబీ దగ్గరికి పోయిందంటే బ్యాకప్ నడుస్తున్నట్టు. ఏ గ్రాఫ్ చెప్పని సంగతి ఈ ఒక్క భాగాహారం చెప్తాది, నాకు ఈ పనిలో చాలా ఇష్టమైన భాగం ఇదే.

300 సెకండ్లు అని గుడ్డిగా పెట్టొద్దు. ఫైల్ హెడర్‌లో టైమ్‌స్టాంప్ ఉంటాది, రెండిటి తేడానే వాడండి, మధ్యలో ఒక ఫైల్ తప్పిపోతే తేడా 600 అవుతాది, మీరు 300తో భాగిస్తే లేని లోడ్ రెట్టింపై కనిపిస్తాది.

నోడ్ రీస్టార్ట్ అయితే అంకెలన్నీ సున్నా నుంచి మొదలవుతాయి, అప్పుడు తేడా మైనస్‌లో వస్తాది. మైనస్ వస్తే ఆ వరుసని ఖాళీగా వదిలేయండి. సున్నా వేయొద్దు. సున్నా అంటే లోడ్ లేదని అర్థం, ఖాళీ అంటే మనకి తెలీదని అర్థం, రెండూ ఒకటి కాదు, నెల సగటులో ఆ సున్నా కూడా కలిసిపోయి అబద్ధం చెప్తాది.

ఒకే వాల్యూమ్ రెండు నోడ్ల ఫైళ్ళలోనూ కనిపిస్తాది, ఏ నోడ్ ద్వారా వచ్చిన ఐఓ ఆ నోడ్ రాసుకుంటాది. కాబట్టి ముందు ఒక్కో నోడ్ తేడా విడిగా తీసి తర్వాత కూడాలి, కూడేసి తేడా తీయకూడదు, ఒక నోడ్ రీస్టార్ట్ అయినప్పుడు రెండోదాని మంచి లెక్క కూడా పాడవుతాది.

సగటుల దగ్గర ఇంకో తప్పు జరుగుతాది. ఒక 5 నిమిషాల్లో 10 రీడ్లు వచ్చి ఒక్కోటి 20 మిల్లీసెకండ్లు పట్టింది, తర్వాతి 5 నిమిషాల్లో 5,000 రీడ్లు వచ్చి ఒక్కోటి 1 మిల్లీసెకండ్ పట్టింది. ఎక్సెల్‌లో యావరేజ్ కొడితే 10.5 వస్తాది, బాక్స్ పాడైపోయింది అంటారు. నిజం ఏంటంటే మొత్తం టైమ్ 5,200ని మొత్తం రీడ్లు 5,010తో భాగించాలి, 1.04 వస్తాది. అందుకే సీఎస్‌వీలో లేటెన్సీ (ఒక్కో రీడ్‌కి పట్టే టైమ్) ఒక్కటే కాకుండా మొత్తం టైమ్, మొత్తం రీడ్లు కూడా వేరే కాలమ్స్‌లో పెట్టండి, ఎవరు ఏ సగటు కావాలన్నా సరిగ్గా తీసుకోగలరు.

మీకు వాల్యూమ్ వివరం వద్దు, మొత్తం బాక్స్ ఎలా ఉందో చాలు అంటే ఇంకా తేలిక దారి ఉంది. ఎల్ఎస్‌సిస్టమ్‌స్టాట్స్ అనే కమాండ్‌ని డీలిమ్ ఆప్షన్‌లో కామా ఇచ్చి నడిపితే సీఎస్‌వీ రూపంలోనే వచ్చేస్తాది, ముందు టైమ్ తగిలించి ఫైల్ చివర కలుపుకోవడమే. సీపీయూ, క్యాష్, వాల్యూమ్ రీడ్ రైట్ లేటెన్సీ అన్నీ ఉంటాయి. కానీ అందులో కరెంట్ (ఇప్పటిది అని అర్థం) అనే కాలమ్‌లో ఉండేది ఆఖరి 5 సెకండ్లది మాత్రమే. 5 నిమిషాలకోసారి అడిగితే 300 సెకండ్లలో 5 సెకండ్లు చూసినట్టు. పీక్ అనే కాలమ్ మాత్రం ఆఖరి 5 నిమిషాలదీ ఇస్తాది, అది తప్పకుండా ఉంచండి. హిస్టరీ ఆప్షన్‌తో అడిగితే ఆ 5 నిమిషాల 5 సెకండ్ల అంకెలన్నీ వస్తాయి. నేను రెండూ వాడతా, ఎక్స్‌ఎంఎల్ నెల రిపోర్ట్‌కి, ఇది ఆ పూట గొడవకి.

దాని పక్కనే ఎల్ఎస్‌ఎన్‌క్లోజర్‌స్టాట్స్ కూడా పెట్టండి, అది కరెంటు వాడకం, టెంపరేచర్ ఇస్తాది. మే నెలలో ఒక ఆదివారం మా సర్వర్ రూమ్ ఏసీ ఆగిపోయింది, ఎవరూ లేరు, ఈ టెంపరేచర్ లైన్ గంటలో 9 డిగ్రీలు ఎక్కినట్టు మెయిల్ రాబట్టే వెళ్ళి తలుపులు తెరిచి ఫ్యాన్లు పెట్టాం. మన ఎండలకి ఈ ఒక్క కాలమ్ కోసమైనా స్క్రిప్ట్ రాసుకోవచ్చు.

కొత్త సాఫ్ట్‌వేర్ ఉంటే, 8.1.3 నుంచి, రెస్ట్ ఏపీఐ (వెబ్ అడ్రస్ ద్వారా కమాండ్లు అడిగే దారి) కూడా ఉంది, 7443 పోర్ట్ మీద. లాగిన్ అయి టోకెన్ తీసుకుని ఇవే ఎల్ఎస్ కమాండ్లు అడిగితే జేసన్‌లో (ప్రోగ్రామ్ తేలిగ్గా చదివే టెక్స్ట్ రూపం) వస్తాయి. రాసుకోవడానికి శుభ్రంగా ఉంటాది, కాకపోతే మీ బాక్స్ వెర్షన్ ముందు చూసుకోండి, ఎస్‌ఎస్‌హెచ్ అయితే పాతవాటిలోనూ నడుస్తాది.

ఆ మెషీన్ ఎక్కడ పెట్టాలన్నది చివరికి తేలిగ్గా తీసుకుంటారు, దయచేసి తీసుకోకండి. ఏ బాక్స్ డేటా తీస్తున్నారో ఆ బాక్స్ మీదే ఆ డేటా దాచొద్దు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, పర్లాకిమిడి వైపు వరదలు, రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు నేను చూసే ఒక చోట ఈ స్క్రిప్ట్ నడిచే మెషీన్ వీఎమ్‌గా (సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్) అదే స్టోరేజ్ మీద ఉండేది, ఖర్చు తగ్గుతాదని నేనే అలా పెట్టాను. జనరేటర్ డీజిల్ అయిపోయి, యూపీఎస్ అయిపోయి, అన్నీ ఒకేసారి పడిపోయాయి. తర్వాత అన్నీ లేపుతుంటే ఆ వీఎమ్ డిస్క్ ఫైల్ సిస్టమ్ పాడైపోయి ఉంది. పడిపోయే ముందు ఏ వాల్యూమ్ మీద ఎంత రాత నడుస్తోందో తెలిస్తే ఏ డేటాబేస్‌ని ముందు చెక్ చెయ్యాలో తెలిసేది, ఆ లెక్క ఆ వీఎమ్‌లోనే పోయింది. రెండు రోజులు అన్ని డేటాబేసులూ వరసగా చూసుకుంటూ కూర్చున్నాం. అప్పటి నుంచి పాత డెస్క్‌టాప్ ఒకటి, దానికో చిన్న యూపీఎస్, రోజూ రాత్రి వేరే బిల్డింగ్‌లో ఉన్న మెషీన్‌కి ఒక కాపీ.

లాగిన్ గురించి రెండు మాటలు. సూపర్‌యూజర్ పాస్‌వర్డ్ స్క్రిప్ట్‌లో రాయకండి, ఎంత నమ్మకమైన ఆఫీసైనా సరే. వేరే యూజర్, పాస్‌వర్డ్ బదులు ఎస్‌ఎస్‌హెచ్ కీ, మీ కమాండ్లకి సరిపడా చిన్న రోల్ (అనుమతులు). క్రాన్‌లో ఎఫ్‌లాక్ పెట్టండి, పాత రన్ ముగియకుండా కొత్తది మొదలవ్వకూడదు. ఫైల్‌ని ముందు తాత్కాలిక పేరుతో తెచ్చి, పూర్తిగా వచ్చాక పేరు మార్చండి, లేకపోతే సగం ఫైల్‌ని పైతాన్ చదివి మధ్యలో ఆగిపోతాది. టైమ్ అంతా యూటీసీలో దాచి, రిపోర్ట్‌లో మాత్రం 5:30 కలపండి, అంతకంటే ముందు బాక్స్‌కీ సర్వర్లకీ ఒకే ఎన్‌టీపీ (గడియారం సరిచేసే సర్వర్) ఇవ్వండి, మా దగ్గర బాక్స్ గడియారం 11 నిమిషాలు వెనక ఉండి, బ్యాకప్ మొదలవ్వకముందే లోడ్ ఎక్కిందని చాలా రోజులు కొట్టుకున్నాం.

ఎక్సెల్ గురించి అడిగారు కాబట్టి: 5 నిమిషాలకో వరుస అంటే వాల్యూమ్‌కి రోజుకి 288, 40 వాల్యూములకి 11,520, నెలకి 3,45,600. ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరుసలే పడతాయి, మూడు నెలలతో షీట్ నిండిపోతాది. నెలకో ఫైల్ చెయ్యండి, మేనేజర్ గారికి గంట లెక్కన కుదించినది ఇవ్వండి, 5 నిమిషాలది మీ దగ్గర ఉంచుకోండి.

అంతా అయ్యాక ఒక పరీక్ష చెయ్యండి. ఎవరూ వాడని ఒక టెస్ట్ వాల్యూమ్ మీదకి సరిగ్గా 10 జీబీ ఫైల్ ఒకటి సర్వర్ నుంచి కాపీ చెయ్యండి, సర్వర్ క్యాష్ డిస్క్ మీదకి దిగేదాకా రెండు ఇంటర్వల్స్ ఆగండి. మీ సీఎస్‌వీలో ఆ వాల్యూమ్ డబ్ల్యూబీ తేడాలు కూడి 512తో గుణించండి. 10 జీబీకి కొంచెం పైన వస్తే సరిపోయింది, ఫైల్ సిస్టమ్ తన రాతలు కొన్ని కలుపుతాది. 10 కంటే బాగా తక్కువ వస్తే ఏదో ఒక నోడ్ ఫైళ్ళు రావట్లేదేమో చూడండి, 20 వస్తే ఎక్కడో రెండుసార్లు కూడుతున్నారు. ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, నేను రాత్రి డ్యూటీ దిగాక చూస్తా.